సోమవారం కడిగిన పళ్ళాలు

మట్టిని మనిషిగా మలిచి, ఆ మనిషి చేతికి మళ్ళీ మట్టినే అప్పగించిన సృష్టికర్తకు స్తోత్రం. వాన తక్కువగా ఇచ్చిన నేలకు రాయిని ఎక్కువగా ఇచ్చిన ఆయన జ్ఞానానికి స్తోత్రం. ఇంత వయసు వచ్చేవరకు నా కళ్ళలో చూపును, వేళ్ళలో పట్టును నిలిపిన కృపకు స్తోత్రం. ఏ సంగతి మొదలుపెట్టినా ముందు ఆయనను తలచుకోవడం మా నాయన నేర్పిన అలవాటు. తలచుకోకుండా మొదలుపెట్టిన మాట తాడు కట్టకుండా బావిలోకి దించిన బిందె లాంటిదని ఆయన అనేవాడు.

పోయిన నెలలో కడపలో బంధువుల పెండ్లి చూసుకొని, చెల్లెలి కొడుకు కారులో కర్నూలుకు తిరిగి వస్తూ, మైదుకూరు దాటాక రోడ్డు పక్కన కొత్తగా కట్టిన ఒక హోటల్లో భోజనానికి ఆగాము. స్టీలు పళ్ళెమో అరిటాకో వస్తుందనుకుంటే, బూడిదరంగులో, అంచు కాస్త వంకరగా, ఒంటినిండా గోధుమరంగు చుక్కలున్న బరువైన పళ్ళెం తెచ్చి ముందు పెట్టారు. అన్నం వడ్డించారు, పప్పు పోశారు. నేను చేసిన పని ఏమిటంటే, రెండు చేతులతో ఆ పళ్ళాన్ని ఎత్తి, వంచి, అడుగు చూడబోయాను. పప్పు ఒళ్ళో పడింది.

“ఏంది పెద్దమ్మా, అన్నం పెట్టుకున్న పళ్ళెం తిప్పి సూస్తాండావు? కింద ఏమన్నా రాసుండాదా?” అన్నాడు చెల్లెలి కొడుకు. వడ్డించే మనిషి కూడా అన్నంలో ఏదో వచ్చిందేమోనని భయపడి దగ్గరికి వచ్చాడు.

రాసే ఉంది. ఏదో ఫ్యాక్టరీ ముద్ర. పక్క బల్ల మీది పళ్ళెం అంచు కూడా సరిగ్గా అదే చోట అదే వంపు తిరిగి ఉంది, చుక్కలు కూడా అవే చోట్ల ఉన్నాయి. మరమనిషి చేతికి కూడా వంకర నేర్పారన్నమాట అనుకున్నాను. కోపం రాలేదు, పెద్దగా బాధ కూడా కలగలేదు. చీర తుడుచుకొని తినేశాను. కానీ కర్నూలు చేరేవరకు నా బొటనవేలు ఆ వంపును మరచిపోలేదు. అటువంటి అంచును చేత్తో తీర్చడానికి నేను ఒకప్పుడు ఎంత తిరిగానో, దాని మూలంగా మా వదిన జీవితం ఏ మలుపు తిరిగిందో, నా ఈడు వారితో చెప్పుకోవాలనిపించింది.

మా నాయన బేతంచెర్లలో ఒక చిన్న చర్చికి ఉపదేశి, అంటే పాస్టరు కింద వాక్యం చెప్పే మనిషి. అంతకుముందు పత్తికొండ దగ్గర పనిచేశాడు. మా అమ్మది ఆ వైపే. బేతంచెర్ల తెలిసినవారికి ఆ ఊరి సంగతి చెప్పనక్కరలేదు, తెలియనివారికి చెప్పాలంటే ఒకటే మాట: అక్కడ అన్నీ బండలే. నేల బండలు, పైకప్పు బండలు, పడుకునే అరుగు బండ, బట్టలుతికే రాయి బండ, చేను చుట్టూ కంచెకు బదులు నిలబెట్టినవీ బండలే. గనుల్లోంచి పలకలుగా లేచిన సున్నపురాయి లారీల మీద పాలిష్ ఫ్యాక్టరీలకు వస్తుంది, అక్కడ నున్నగా అయి రైలెక్కి ఊళ్ళకు పోతుంది. పాలిష్ పట్టేటప్పుడు రాయి నుంచి పాలలాంటి బురద కారుతుంది. దాన్ని ఫ్యాక్టరీల వెనక గుట్టలుగా పోస్తారు. ఎండితే అది బూడిద కాని బూడిదలా, ముగ్గు కాని ముగ్గులా, పలకలు పలకలుగా పగిలి పడి ఉంటుంది. చిన్నప్పుడు మేము దాంతో బడి పలకలు తుడుచుకునేవాళ్ళం, అంతకుమించి దానికి విలువ ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

మా అన్న బండల లారీ నడిపేవాడు. పెండ్లయిన కొన్నేళ్ళకే ప్రమాదంలో ప్రభువు నందు నిద్రించాడు. వదిన తన కొడుకును మా అమ్మకు వదిలి, పాలిష్ ఫ్యాక్టరీలో బండల అంచులు కోసే మర దగ్గర పనికి కుదిరింది. అంచులు కోసేచోట నీళ్ళు పెద్దగా వాడరు కాబట్టి తెల్లటి దుమ్ము లేస్తుంది. సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి, ముసలమ్మ వేషం కట్టినట్టు. మొదట్లో మేము నవ్వేవాళ్ళం, ఆమె కూడా నవ్వేది. దగ్గు మొదలయ్యాక నవ్వడం మానేశాము.

నేను సంఘం వారి సాయంతో హైదరాబాదులో బొమ్మల కళాశాలలో చదివి, అక్కడే పింగాణీ పని నేర్చుకున్నాను. ముఖ్యంగా స్టోన్‌వేర్ అనే రకం. కుండకన్నా గట్టిగా, తెల్ల పింగాణీకన్నా మోటుగా, పేరుకు తగ్గట్టు రాయిలా కాలే మట్టి అది. చదువయ్యాక తిరిగి ఊరికే వచ్చాను. ఎందుకు వచ్చావని నాయన అడగలేదు. చర్చి వెనక పాత బడి కొట్టం ఖాళీగా ఉంటే, సంఘపెద్దలతో మాట్లాడి ఇప్పించాడు. అందులో కుమ్మరి సారె పెట్టుకొని, పక్కన బట్టీ కట్టుకొని, సర్కారు తుమ్మకట్టెలతో కాల్చడం మొదలుపెట్టాను. మట్టి మాత్రం బయటి నుంచి తెప్పించాల్సి వచ్చేది, మా ఎర్రమట్టి ఆ వేడికి కరిగి కూలబడేది. సంఘంలోని ఇద్దరు ఆడవాళ్ళు పనికి వచ్చారు. తరువాత వదిన ఫ్యాక్టరీ మాని వచ్చింది. రావడానికి ముందు ఆమె అడిగింది ఒక్కటే: “మళ్ళీ పొమ్మంటావా పాపా, నిలబడతాదా ఇది?” నిలబడుతుందని చెప్పాను. కొట్టంలో దుమ్ము లేదు, తడిమట్టి వాసన ఉంది. కొద్ది నెలల్లోనే ఆమె దగ్గు తగ్గింది. ప్రార్థనలో పాట అందుకునేటప్పుడు మధ్యలో ఆగకుండా చరణం చివరివరకు పాడడం నేను గమనించి, లోపల దేవునికి వందనాలు చెప్పుకున్నాను.

నాకు ఒక కోరిక ఉండేది. మా నేలను పళ్ళెంలో పెట్టాలని. చదువుకునే చోట పిల్లలందరూ ఎవరి ఊరి నదినో, సముద్రాన్నో, తోటలనో గిన్నెల మీదికి తెచ్చేవారు. మా వైపు ఏమున్నాయి తేవడానికి? తలలు కోసేసినట్టుండే చదును కొండలు, నల్లరేగడి నెర్రెలు, జొన్న కొయ్యలు, ఎండ. అయినా తెద్దామని మొదట బొమ్మలు వేశాను. పళ్ళెం మధ్యలో కొండలు, వాటి వెనక సూర్యుడు, ముందు జొన్నచేను. నాకు బాగానే అనిపించింది. వదిన చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పింది.

“ఇదేంది పాపా? శెట్టి అంగట్లో క్యాలెండరు మాదిరుండాది. అన్నం కొండ మింద ఎయ్యాల్నా, సూర్యుని మింద ఎయ్యాల్నా?”

ఆ రోజు కొట్టంలో అందరూ పగలబడి నవ్వారు, నేను మాత్రం తరువాత నవ్వాను. ఆ పళ్ళాలను అలాగే మూలన పెట్టేశాము. కొన్నాళ్ళకు వాటి మీద మా పిల్లి పడుకునేది.

తరువాత ఒక సాయంత్రం కర్నూలు నుంచి వచ్చి రైలు దిగి నడుస్తుంటే, ఫ్యాక్టరీ వెనక బురద గుట్టల మీద ఏటవాలు ఎండ పడి ఉంది. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నదే. తెలుపు కాదు, బూడిద కాదు, పచ్చ నీడ తగిలీ తగలనట్టున్న ఆ రంగు ఆ రోజు మాత్రం నన్ను ఆపింది. బొమ్మ వేయడం ఎందుకు, నేలనే పూస్తే సరిపోతుంది కదా అనిపించింది. కొంగులో కొంత మూటగట్టుకొని వచ్చి, దంచి, జల్లించి, తుమ్మకట్టె బూడిద, కాస్త తెల్లమట్టి కలిపి పళ్ళాలకు పూతగా పూశాను. పింగాణీకి మెరుపునిచ్చే ఆ పూతను గ్లేజు అంటారు. ఎన్నోసార్లు తప్పింది. కొన్ని బుడగలెక్కాయి, కొన్ని ఒకదానికొకటి అంటుకుపోయాయి. చివరికి వేడిని కాస్త తక్కువలో ఆపితే, మెరుపు లేకుండా, అప్పుడే గనిలోంచి లేపిన పలకలా ఒక పళ్ళెం బయటికి వచ్చింది. దాని అంచును ఉలితో చీల్చిన బండ అంచులా, ఒకచోట పలచగా ఒకచోట మందంగా వేళ్ళతో తీర్చాను. ఏ రెండు పళ్ళాల అంచులూ ఒకటి కావు. సంగటి ముద్దకు లోతు గిన్నె, ఊరుబిండి పచ్చడికి చిన్న గిన్నె కూడా ఆ వరసలోనే చేశాము. అవి వరసగా గోడకు ఆనించి పెడితే, మా ఊరి బయట చేలకు నిలబెట్టిన రాళ్ళ వరస ఇంట్లోకి వచ్చినట్టుండేది. నా చేతులు చేసినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చినవి అవే. ఆ మాట ఇప్పటికీ మార్చుకోను.

ఎవరో చెప్పగా విని, బెంగుళూరులో గిన్నెల అంగడి నడిపే ఒకావిడ రైల్లో వచ్చింది. మెత్తని మనిషి, కన్నడ యాసలో మంచి తెలుగు మాట్లాడేది. పళ్ళెం మీద అరచేయి పెట్టి చాలాసేపు ఉంచింది. తన అంగడికి, తనకు తెలిసిన ఒక పెద్ద హోటలుకు కలిపి, ఏడాది పొడుగునా మాకు వేరే పని అక్కరలేనంత సరుకు కావాలంది. రంగు మాత్రం ఇదే ఉండాలి, మెరుపు అసలు ఉండకూడదు, అదొక్కటే షరతు. ఆవిడ పోయాక వదిన ఫ్యాక్టరీకి కట్టుకొని పోయే పాత చీరను ఆ సాయంత్రమే చింపి, బట్టీ తుడిచే గుడ్డలు చేసింది.

ఇక్కడ మా సంఘం పద్ధతులు రెండు చెప్పాలి, లేకపోతే తరువాత జరిగింది అర్థం కాదు.

మొదటిది ప్రథమ ఫలం. పొలంలో మొదట కోసింది, ఈనిన ఆవు మొదటి పాలు, కొత్త ఉద్యోగంలో మొదటి సంపాదన, ఏదైనా ముందు దేవునికి పెట్టి తరువాత మనం ముట్టుకోవాలి. కాబట్టి బెంగుళూరుకు పోవలసిన సరుకులో మొదటి బట్టీ, పంటలు ఇంటికొచ్చాక చర్చిలో చేసుకునే కోత పండుగకు పెట్టాలని నాయన అన్నాడు, మేమూ అదే అనుకున్నాము. ఆ ఆదివారం ఆరాధన తరువాత జరిగే ప్రేమవిందుకు సంఘమంతా ఆ పళ్ళాల్లో తినాలి.

రెండవది ఆదివారం. మా తాతల కాలం నుంచి మా వీధిలో ఆదివారం పొయ్యి వెలిగించేవారు కాదు, గిన్నెలు తోమేవారు కాదు. శనివారం సాయంత్రమే వంట అయిపోవాలి. రాత్రి గడిచినా చెడకూడదు కాబట్టి, ప్రతి ఇంట్లోనూ పులుసన్నమే, అంటే పులిహోర. చింతపండు గుజ్జు ధారాళంగా పోసి కలిపేవారు. తిన్న గిన్నెలు అలాగే మూలకు చేర్చి సోమవారం పొద్దున కడిగేవారు. మిగతా ఊరికి ఇది వేళాకోళం. చర్చి ఎదురుగా అంగడి నడిపే శెట్టి మా నాయన కనబడితే చాలు మొదలుపెట్టేవాడు.

“ఏమప్పా ఉపదేశీ, మీ దేవుడు గిన్నెలు గూడా తోమనియ్యడా?”

“తోమొద్దని ఆయనేం అనలేదు శెట్టీ. మా ఆడోళ్ళ చేతులు వారానికి ఒకదినమన్నా ఆరనీమన్నాడు, అంతే.”

“అట్లయితే మా ఇంటిదాన్ని గూడా మీ గుడికి పంపిస్తా. ఆదివారం నువ్వే అన్నం పెడుదువు నాకు.”

ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ శెట్టి మంచివాడు, కోత పండుగకు ప్రతి ఏడూ బెల్లం తన వంతుగా పంపేవాడు.

కోత పండుగ బాగా జరిగింది. జొన్న కంకులు, గుమ్మడికాయలు, పత్తికొండ నుంచి మా మామ తెచ్చిన తమాటాలు వేదిక ముందు పేర్చారు. వాటి పక్కనే మా పళ్ళాల దొంతర. పాస్టరు అయ్యగారు వాటి మీద చేయి ఉంచి ప్రార్థించారు. విందులో అందరూ వేపచెట్టు నీడలో బారులుగా కూర్చున్నారు. పులుసన్నం కుప్పగా వడ్డిస్తే, ఆ రాతి రంగు మీద పసుపు ఎంత బాగుందో చూస్తూ నేను తినడం మరచిపోయాను.

“ఇది పళ్ళెమా, బండనా? ఒళ్ళో పెట్టుకుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతాండాయి,” అంది మా జేజి, నాయనను కన్న తల్లి.

“కొరికి సూడు జేజీ. పండ్లిరిగితే బండ, ఇరక్కపోతే పళ్ళెం,” అంది వదిన. ఆమె అంత హాయిగా నలుగురిలో మాట్లాడడం మా అన్న పోయాక అదే మొదలు.

తిన్నాక పళ్ళాలను ఎంగిలి గీకి కొట్టంలో పేర్చాము. కడగలేదు. మరునాడు సోమవారం, పొద్దున్నే వదిన వచ్చి కడగడం మొదలుపెట్టింది. నేను సారె దగ్గర మట్టి మర్దిస్తున్నాను. కొంతసేపటికి నీళ్ళ చప్పుడు ఆగింది.

“పాపా, ఒకతూరి ఈడికి రా.”

కడిగిన పళ్ళాలను ఆమె గోడ పొడుగునా ఎండకు ఆనించి పెట్టింది. ప్రతి పళ్ళెం మధ్యలో, అన్నం కుప్ప ఉండిన చోట, తెల్లగా, జీవం లేని ఒక గుండ్రటి మచ్చ. పసుపు మరక అయితే పోతుంది. ఇది పైన పడింది కాదు, పైన ఉన్నది తినివేయబడిన గుర్తు. వేలితో రాస్తే సుద్దలా అంటింది.

“కడిగినకొద్దీ తెల్లగా అయితాండాది. నేనేమన్నా గట్టిగా తోమినానా?” అంది వదిన. ఆమె గొంతులో భయం తోమిన దాని గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

చింతపండు తినేసింది. బేతంచెర్లలో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు. పాలిష్ బండ మీద నిమ్మకాయ కోస్తే, చింతపండు పిసికితే, అక్కడ మచ్చ పడి ఎన్నటికీ పోదని, మా ఇండ్లలో పులుపు పనంతా చెక్కపీట మీదే చేస్తారు. చిన్నపిల్లలు మజ్జిగ ఒలకబోస్తే నేల కోసం తిడతారు. అదే రాయిని దంచి, పూసి, కాల్చి, దాని మీద పులుసన్నం వడ్డించి, ఒక రాత్రి ఒక పగలు నానబెట్టాము. చదువుకున్న నాకు గానీ, ఆ రాయి మధ్యే పుట్టి పెరిగిన ఆడవాళ్ళకు గానీ, ప్రార్థించిన పెద్దలకు గానీ ఒక్కరికీ తట్టలేదు. మేము అప్పటివరకు ఆ పళ్ళాలను నీళ్ళతో, టీతో, నూనెతో పరీక్షించాము. అవి నిప్పులో కాలాయి కదా, రాయి గుణం పోయి ఉంటుందని అందరమూ ఎవరికి వారు అనుకున్నాము. తక్కువ వేడిలో ఆపినందువల్ల పోలేదు. ఎప్పటికప్పుడు కడిగేసే ఇంట్లో అయితే ఆ మచ్చ బయటపడడానికి ఎన్నో నెలలు పట్టేది. మేము ఆదివారం కడగని వాళ్ళం కాబట్టి ఒక్క పూటకే తేలిపోయింది. దీన్ని నేను దేవుని దయగానే ఎంచుతాను. ఆ రోజు మాత్రం దయలా అనిపించలేదు.

వేడి పెంచి కాల్చి చూశాము. పులుపుకు చెక్కుచెదరలేదు, కానీ పూత అద్దంలా మెరిసి, సముద్రపు పచ్చ తిరిగింది. మా నేలలో ఎక్కడా లేని రంగు. సున్నపురాయి పొడి తగ్గించి చూశాము, గోధుమరంగు వచ్చింది, అది ఎక్కడైనా దొరికే గోధుమరంగు. రాతి రంగు నిలవాలంటే పులుపుకు ఓడాలి, పులుపుకు నిలవాలంటే రంగు పోవాలి. మా తిండిలో పులుపు లేనిది ఏముంది? పప్పులో తమాటా, పులగంలోకి చింతపులుసు, సంగటిలోకి గోంగూర. మా నేలలాంటి పళ్ళెం మా అన్నాన్ని మోయలేకపోయింది.

స్టేషను దగ్గరి టెలిఫోను బూతు నుంచి బెంగుళూరు ఆవిడకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ విసుక్కోలేదు. తన దగ్గర కొనేవారు రొట్టెలో, మిఠాయిలో పెట్టుకుంటారని, ప్రతి పళ్ళెంతో పాటు పుల్లటివి వేయవద్దని చిన్న కార్డు పెడదామని, వాడుతుంటే పడే మచ్చలను ఇష్టపడేవారు కూడా ఉంటారని చెప్పింది. అందులో అబద్ధం ఏమీ లేదు. నేను రెండు రోజుల్లో చెబుతానన్నాను. బూతులోంచి బయటికి వచ్చేసరికి నా మనసు ముప్పాతిక వంతు ఒప్పుకొనే ఉంది.

సంగతి తెలిసి శెట్టి కొట్టానికి వచ్చాడు. ముందు నవ్వాడు. “బండ మింద చింతపండు పెట్టగూడదని ఉయ్యాల్లో బిడ్డకు గూడా తెలుసు గదమ్మా,” అన్నాడు. తరువాత నవ్వు మాని, “అయినా అమ్మెయ్. నేనమ్మే గుడ్డ గూడా ఉతికితే రంగు పోతాది. పోతాదని ముందే చెప్పి అమ్మితే మోసమెట్లయితాది?” అన్నాడు. పక్కనే ఉన్న నాయన వైపు చూశాను. ప్రతిదానికీ వాక్యంలో ఒక మాట చూపించే మనిషి ఆ రోజు ఏ మాటా చూపించలేదు. చేసిన చేతులు మీవి, మీరే తేల్చుకోండి, నేను మోకాళ్ళ మీద ఉంటాను అని చర్చిలోకి పోయాడు. ఆయన అలా ఎందుకు అన్నాడో నాకు అప్పుడే తెలుసు. కొట్టం మూతపడితే వదిన ఎక్కడికి పోవాలో ఆయనకు తెలుసు, కోడలి ఊపిరి మీద తాను తీర్పు చెప్పలేకపోయాడు.

మిగిలినవాళ్ళం బట్టీ దగ్గర కూర్చున్నాము. నేను కార్డు సంగతి చెప్పాను, ఎంత పెద్ద అక్షరాలతో వేయించవచ్చో కూడా చెప్పాను. ఇద్దరు ఆడవాళ్ళు తలూపారు. వదిన పళ్ళెం మచ్చ మీద వేలు తిప్పి, అంటిన సుద్దను చూసింది.

“కార్డు పళ్ళెంతో పాటు ఎన్నాళ్ళుంటాది పాపా? పళ్ళెం ఇంకొకరి చేతికి పోతాది, పనిమనిషి చేతికి పోతాది, పిల్లోళ్ళ చేతికి పోతాది. కార్డు పోదు గదా. ఈ సుద్ద అన్నంలో కలిపి తినేటోళ్ళకు మనం ఏం చెప్పినట్లు?”

“మరి నువ్వు, వదినా?” అన్నాను.

“నా సంగతి నీకెందుకు? పళ్ళెం సంగతి మాట్లాడు,” అని లేచి, చేతులు కొంగుకు తుడుచుకొని, పరీక్షకు పులుసు పోసి ఉంచిన పళ్ళాలు కడగడానికి పోయింది.

మరునాడు ఫోను చేసి వద్దని చెప్పాను. ఆవిడ మీ ఇష్టమమ్మా అంది. దేవునికి అర్పించినదాన్ని తిరిగి తీసుకోకూడదు కాబట్టి, ఆ మొదటి బట్టీ పళ్ళాలు చర్చిలోనే ఉండిపోయి, ఆరాధనలో కానుకలు వేసే పళ్ళాలయ్యాయి. నాణేలకు పులుపు లేదు కదా అని జేజి అనేది.

గోధుమరంగు గిన్నెలు చేసి క్రైస్తవ కన్వెన్షన్ కూడికల దగ్గర, తిరునాళ్ళలో అమ్మాము. కొన్నాళ్ళు సాగింది, తరువాత సన్నగిల్లింది. ముందు ఒకామె, తరువాత ఇంకొకామె వేరే పని చూసుకున్నారు. వదిన నాతో చెప్పకుండానే ఒక సోమవారం ఫ్యాక్టరీకి పోయింది. సాయంత్రం తెల్లటి కనుబొమలతో వచ్చి, ఏమీ జరగనట్టు పొయ్యి ముందు కూర్చుంది. నేను నంద్యాలలో ఒక బడిలో బొమ్మల టీచరుగా చేరాను. తన కొడుక్కి రైల్వేలో పని దొరికేవరకు వదిన ఆ అంచు మర దగ్గరే ఉంది. దగ్గు తిరిగి వచ్చింది, ఈసారి పోలేదు. ప్రార్థనలో పాట మొదలుపెట్టి, మొదటి చరణం తరువాత పెదవులు మాత్రమే కదిపేది. కిందటి చలికాలంలో ప్రభువు ఆమెను పిలుచుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ పళ్ళాల మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు, నిష్ఠూరంగానూ కాదు, గొప్పగానూ కాదు.

ఆ రోజు మేము చేసింది సరైనదేనా అని నన్ను నేను ప్రశ్నించుకోవడం ఎప్పుడో మానేశాను. సరైనదే. కాకపోతే నా మనస్సాక్షి నిమ్మళంగా ఉండడానికి చెల్లించినది నేను కాదు. అది ఆమె ఊపిరి నుంచి పోయింది. ఈ రెండూ నిజమే, రెంటిలో ఏ ఒక్కదాన్నీ రెండోదానితో కొట్టివేయలేను.

ఇప్పుడు కోత పండుగకు వంటవాళ్ళు కర్నూలు నుంచి వ్యానులో వస్తారు. అన్నం వేడిగా ఉంటుంది, కాగితపు పళ్ళాల్లో పెడతారు, చివరి పాట అయ్యేలోపే కుర్రాళ్ళు వాటిని సంచుల్లోకి ఊడ్చేస్తారు. ఆదివారం తిన్నది ఆదివారమే మాయమవుతుంది, సోమవారానికి ఏమీ మిగలదు. పొయ్యి వెలిగించకూడదనే మాట చెబితే పిల్లలు పాతకాలపు చాదస్తమని ముద్దుగా నవ్వుతారు. నేనూ నవ్వుతాను, వాళ్ళను తప్పుపట్టను. పని సులువైంది, ఆడవాళ్ళ నడుములకు విశ్రాంతి దొరికింది, అది కూడా దేవుడు ఇచ్చినదే. అయితే మనం పెట్టినది ఎదుటివారి ముందు ఒక పగలు ఒక రాత్రి నిలబడితే ఎలా ఉంటుందో చూసుకునే తీరిక మాత్రం మన నుంచి పోయింది.

బండలకు గిరాకీ తగ్గలేదు. అంచులు కోసే మరలు ఇప్పటికీ తిరుగుతున్నాయి, వాటి దగ్గర ఎవరో ఒకరి వదిన, ఎవరో ఒకరి కోడలు నిలబడే ఉంటుంది. ఇంతవరకు ఓపికగా చదివినవారు దయచేసి నాతోపాటు ఒక్క నిమిషం తల వంచండి. ప్రభువా, ఆ తెల్లటి దుమ్ములో నిలబడ్డ ఆడబిడ్డలకు ఊపిరి దయచేయి. తాము ఎన్నడూ చూడని మనుషుల కోసం తమ అన్నం వదులుకున్న వారిని నీవు ఎరుగుదువు, వారి పాటలో ఆగిపోయిన చరణాలను నీ సన్నిధిలో పూర్తిగా పాడనియ్యి. మీరున్న చోటనే, మెల్లగానైనా సరే, ఆమేన్ అనండి.